గోడ దాటిన బొక్కెనాకు

నీళ్ళు అక్కర్లేని మొక్కను వెతుక్కుంటూ కొల్లేరు వెళ్ళొచ్చానని చెబితే మా కాలేజీ స్టాఫ్ రూములో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళు నవ్వుతూ కూర్చునే కిటికీ బయట ఇప్పుడేముందో చివర్లో చెబుతాను.

నేను అనంతపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌ని కూడా. కాలేజీ ముందు ఒక లాన్ ఉండేది. మా కరస్పాండెంట్ గారు హైదరాబాదులో ఏదో హోటల్లో చూసి, మనసుపడి వేయించుకున్నది. దాని మీద ఎవరూ నడవకూడదు, కూర్చోకూడదు. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట గొట్టం గిర్రున తిరుగుతూ దానికి నీళ్ళు చిమ్మాలి. మాకున్న బోరు ఒక్కటే. లాన్ తాగాక మిగిలినవి హాస్టల్ ట్యాంకుకి. ఏప్రిల్లో పరీక్షలప్పుడు పిల్లలు బకెట్లు వరసలో పెట్టి, పుస్తకాలు చేత్తో పట్టుకుని, ఎదురుగా గడ్డి స్నానం చేస్తుంటే చూస్తూ నిలబడేవారు. మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు నాకు ఒళ్ళు మండింది. పరీక్షలు అయిపోయిన సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని, గడ్డపారలు పట్టించి, లాన్ మొత్తం పీకించి పారేశాను. అనుమతా? అడిగితే ఇస్తారా!

కరస్పాండెంట్ గారు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"పీకింది మీరు మేడం, నింపాల్సింది కూడా మీరే" అన్నారు మెల్లగా. "జూలైలో అడ్మిషన్లు. తల్లిదండ్రులు గేట్లో కాలు పెట్టేసరికి అక్కడ పచ్చగా కనపడల్ల. లేదంటే మళ్ళీ గడ్డే వేయిస్తా. నీళ్ళు చాలవంటారా, ఈసారి హాస్టల్లో సగం మందినే చేర్చుకుందాం."

ఆ తీసేసే సగం ఎవరో నాకు తెలుసు. సాయంత్రం బస్సు లేని ఊళ్ళ పిల్లలు. హాస్టల్లో చోటు లేకపోతే వాళ్ళకు చదువే లేదు. వెంటనే పెళ్ళి సంబంధాలు చూస్తారు. రాళ్ళు పరిచి నాగజెముళ్ళు, కలబంద పెడదామన్నాను. "ముళ్ళు, రాళ్ళు మన జిల్లాలో తక్కువయినాయా మేడం, కాలేజీలో పెంచడానికి?" అన్నారాయన. 

అప్పుడు ఫోన్ చేసింది సుశీల. నాతో ఎమ్మెస్సీ చదివింది, ఏలూరు పక్కన వట్లూరులో ఉంటుంది. "తాడేపల్లిగూడెం నర్సరీల్లో దొరకని మొక్క లేదే, వచ్చెయ్. అది చూసుకుని మా ఇంటికి రా" అంది. మే నెల మధ్యలో బయల్దేరాను. మూటలు మోయడానికని కరస్పాండెంట్ గారు ఓబులేసును వెంట పంపారు. ఓబులేసు మా కాలేజీ మాలి. ఇరవై ఏళ్ళుగా లాన్‌ను కన్నబిడ్డలా కత్తిరించి పెంచినవాడు. అది పోయిన రోజు నుంచి నాతో మాటల్లేవు.

రైలు గుంతకల్లు దాటాక నోరు విప్పాడు. "ఒక మాట అడుగుతా మేడం, తిట్టద్దండి. నీల్లుండే సీమకు పోయి, నీల్లొద్దనే చెట్టు యాడ తెస్తాం మనం?"

"నోరు మూసుకుని ఆ వేరుశెనక్కాయలు తిను" అన్నాను. 

తాడేపల్లిగూడెం: అండీ అన్నారండీ

మా ఊళ్ళో ఎండ కాలుస్తుంది. ఇక్కడ ఉడకబెడుతుంది. స్టేషన్ బయటికి వచ్చేసరికే జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుంది. "గాలి గూడా నీల్లల్లో నానబెట్టిండారు మేడం" అన్నాడు ఓబులేసు.

హోటల్లో పన్నెండు రూపాయలకు పెసరట్టు, దాని కడుపులో ఉప్మా. పక్కన అల్లం పచ్చడి. వడ్డించేవాడు ఓబులేసు దగ్గర ఆగి, "ఏవండీ, ఇంకోటి వేయించమంటారాండీ?" అన్నాడు. ఓబులేసు వెనక్కి తిరిగి చూశాడు, ఎవరితో అంటున్నాడా అని. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. యాభై ఏళ్ళ మనిషికి అదే మొదటిసారి అట 'అండీ' అనిపించుకోవడం. ఇంకోటి వద్దనడానికి మనసొప్పక మూడు పెసరట్లు తిన్నాడు. తరువాత రోజంతా కడుపు పట్టుకుని తిరిగాడు కానీ నడకలో మాత్రం కాస్త ఠీవి వచ్చింది.

నర్సరీకి వెళ్ళే ముందు కాలువ చూడాలన్నాడు. గోదావరి కాలువ గురించి వినడమే తప్ప చూడలేదు. సరేనని వంతెన మీదికి వెళ్ళాం. కింద కాలువలో నీళ్ళు లేవు! అడుగున పిల్లలు వికెట్లు పాతి క్రికెట్ ఆడుకుంటున్నారు. అక్కడక్కడ గుంటల్లో గేదెలు.

"కట్టేశారండీ" అన్నాడు పక్కన సైకిల్ ఆపిన ఆయన. "ఏటా ఇంతేనండి. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు, మళ్ళీ జూన్లో వదుల్తారు. అందాకా చెరువులో నింపుకున్న నీళ్ళే మాకు."

ఓబులేసు నావైపు చూశాడు. ఇంత దూరం వచ్చింది ఇది చూడటానికా అని ఆ చూపు. నాకు మాత్రం మనసులో చిన్న ఆశ పుట్టింది. ఈ సీమకు కూడా ఏడాదిలో రెండు నెలలు ఎండ కష్టం ఉందన్నమాట.

నర్సరీ యజమాని మర్యాదలో ఏ లోటూ చేయలేదు. కుర్చీలు వేయించాడు, కొబ్బరి బొండాలు కొట్టించాడు. చాపల్లా చుట్టిన మెక్సికన్ గడ్డి చూపించి, "రోజుకి రెండుపూటలా తడిపితే చాలండి" అన్నాడు. నీళ్ళు తక్కువ తాగేది కావాలన్నాను. "ఒకపూట తడుపుతారాండీ?" అన్నాడు. అసలు తడపని మొక్క కావాలన్నాను. ఆయన పాపం చాలాసేపు ఆలోచించి లోపలికి వెళ్ళి, ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి చుట్ట ఒకటి తెచ్చి నా కాళ్ళ ముందు పరిచాడు. "ఇదైతే దుమ్ము దులుపుకుంటే సరిపోద్దండి."

కోపం వచ్చింది కానీ, చేతిలో ఆయన ఇచ్చిన బొండాం ఉండగా ఏమంటాను? నమస్కారం పెట్టి బయటపడ్డాను.

వట్లూరు: కొత్తావకాయ

సుశీల ఉండేది కాలేజీల చుట్టూ కొత్తగా లేచిన కాలనీలో. ప్రతి ఇంటి ముందూ మంచమంత లాన్. అన్నీ పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి. కాలువ కట్టేశాక పంచాయతీ కుళాయి పొద్దున ఒక్కసారే వస్తుందట. మా ఊళ్ళో నీళ్ళ బిందె మీద మూత పెట్టి, ఆ మూత మీద ఒక కన్నేసి ఉంచుతాం. వీళ్ళకు ఆ భయం లేదు. జూన్ వస్తే నీళ్ళు వస్తాయి, అంతే. ఆ ధీమా చూసి నాకు అసూయ కలిగింది, ఎందుకు దాచాలి?

అవి ఆవకాయ రోజులు. సుశీల ఇంట్లో కాళ్ళు పెట్టే చోటు లేకుండా జాడీలు. వేడన్నంలో కొత్తావకాయ, మీగడ పెరుగు, ఆఖర్న తాటిముంజెలు. ఓబులేసు నాలుగు ముద్దలు తిని కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "సంగటిలోకైతే ఇంగా బాగుంటాది తల్లీ" అన్నాడు. సుశీల అతనికి ఒక చిన్న జాడీ కట్టి ఇచ్చింది.

నర్సరీ కథ విని పడీపడీ నవ్వి, యథాలాపంగా అంది సుశీల: "ఈ ఎండల్లో మాకు పచ్చగా ఉండేది ఒక్కటేనే. మా చర్చి వాళ్ళ సమాధుల తోట."

"దానికి నీళ్ళెవరు పోస్తారు?"

"ఎవరూ పోయరు. ఏమో, నేనెప్పుడూ ఆలోచించలేదు."

చెయ్యి కడుక్కుని లేచి నిలబడ్డాను. ఎండ తగ్గాక వెళ్దామంటే వినలేదు.

సమాధుల తోట

ఇనుప గేటు తోసుకుని లోపలికి వెళ్ళి, అలాగే నిలబడిపోయాను. తెల్లటి శిలువల మధ్య నేలంతా పచ్చటి చాప పరిచినట్టుంది. చీలమండలు కూడా దాటని ఎత్తు. ఆకుల మధ్య నుంచి మిరియపు గింజంత పూలు, చుట్టూ తెలుపు, నడుమ ఊదా. తేనెటీగలు ముసురుతున్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఒక తీగ ఎత్తి చూశాను. ఆకు కొనల దగ్గర రంపపు పళ్ళు, కణుపు కణుపుకీ వేళ్ళు.

సిగ్గుతో నా ముఖం వేడెక్కింది. ఇరవై రెండేళ్ళుగా ఎండబెట్టి అట్టకు అంటించిన ఈ మొక్కనే పిల్లలకు చూపిస్తూ పాఠం చెబుతున్నాను. పుస్తకాల్లో లిప్పియా అంటారు. చెరువు గట్ల మొక్క. మా ఊరి చెరువు నిండి ఎన్నేళ్ళయిందో, అందులో తుమ్మ తప్ప ఏమీ మిగల్లేదు కాబట్టి దీన్ని నేలమీద బతికుండగా చూసి చాలాకాలమైంది. దీని మీద నడవచ్చని, కూర్చోవచ్చని, ఒక లాన్ అంత మేర పరుచుకుంటుందని నాకు తట్టనే లేదు.

"మా వైపు బొక్కెనాకు అంటారండి" అన్నారు వెనక నుంచి.

గొడుగు వేసుకుని ఒక పెద్దాయన. తోట చూసుకునే దానయ్య మాష్టారు. ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. సుశీల మమ్మల్ని పరిచయం చేసింది.

"దీనికి నీళ్ళెప్పుడు పోశారు మాష్టారూ?"

"ఈస్టర్‌కి పోసినవేనండి ఆఖరు. నెల దాటింది."

ఈస్టర్ తెల్లవారుజామున ఈ తోటలోనే ఆరాధన జరుగుతుందట. ప్రతి కుటుంబం తమవాళ్ళ సమాధి దగ్గర మొక్కలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. "గులాబీలు, క్రోటన్లు పెట్టేవారండి. కాలవ కట్టేసిన పది రోజులకి అన్నీ మాడిపోయేవి. ఎండు పుల్లల మధ్య మనవాళ్ళని పడుకోబెట్టి వెళ్ళినట్టుండేది. ఎనిమిదేళ్ళ కిందట మా ఆవిడ పోయారు. అదిగోనండి, ఆ వెనక గోడ పక్కన. ఆవిడ మీద మొదట దీన్ని నాటాను. రెండేళ్ళకి పక్కవాళ్ళ మీదికి పాకింది. పక్కవాళ్ళేమీ అభ్యంతరం చెప్పలేదండి." ఆ ముసలాయన కళ్ళల్లో చిన్న నవ్వు.

నేను మా కథ మొత్తం చెప్పాను. బకెట్ల వరస, సగం మంది పిల్లలు, అన్నీ. రెండు సంచుల తీగలు ఇప్పించమన్నాను.

ఆయన ముఖంలో బాధ కనిపించింది. "వేరే ఏదైనా అడగండి మేడం గారూ. ఈ తోటలో పెరిగింది పువ్వైనా, పుల్లైనా గేటు దాటకూడదండి. మా తాతల నాటి కట్టుబాటు. పిల్లలు పువ్వు కోసినా ఇక్కడే పెట్టిస్తాను. నేనే తప్పితే రేపు ఎవరికి చెప్పగలను?"

ఎంత బతిమాలినా అదే మర్యాద, అదే జవాబు. ఇప్పుడు నేను చేసిన పని కూడా చెప్పాలి. ఆయన సుశీలతో మాట్లాడుతూ అటు తిరిగినప్పుడు జానెడు తీగ తుంచి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. గేటు దాకా వచ్చాం. ఆయన గొడుగు ముడిచి, చాలా మెత్తగా అన్నారు:

"మేడం గారూ, మీ బ్యాగులోంచి కొస కనపడుతోందండి."

భూమి చీలిపోతే బాగుండుననిపించింది. తీసి ఇచ్చేశాను. ఓబులేసు తనేదో దొంగతనం చేసినట్టు తల దించుకున్నాడు. దానయ్య మాష్టారు మాత్రం ఆ తీగను తీసిన చోటే అదిమి పెట్టి వచ్చి, జేబులోంచి కాగితం తీసి ఒక ఊరి పేరు రాశారు. "కైకలూరు అవతల లంక గ్రామం అండి. మా ఆవిడా నేనూ అక్కడ బళ్ళో చాలాకాలం చేశాం. ఈ ఆకు అక్కడి గట్టుదే. నాంచారమ్మ అని, మా దగ్గరే చదువుకుంది. నా పేరు చెప్పండి, ఎంత కావాలంటే అంత ఇస్తుంది."

కొల్లేటి గట్టు

కైకలూరు బజారంతా చేపల మేత వాసన. ఐసు దిమ్మలు బళ్ళ మీద కారుతూ పోతున్నాయి. ఒక్కో దిమ్మ పక్కగా వెళుతుంటే ఓబులేసు దాని చల్లగాలి కోసం రెండడుగులు వెంట నడిచేవాడు. అక్కడి నుంచి ఆటో. కొల్లేరంటే సముద్రంలా ఉంటుందనుకున్నాం. మే నెలలో అది నెర్రెలిచ్చిన బురద నేల. పడవలు నేలమీద పక్కకు ఒరిగి ఉన్నాయి. దూరంగా మిగిలిన నీళ్ళలో గూడబాతులు. ఒకటి నోరు తెరిచింది, కింద సంచి వేలాడింది. "అప్పా! ఆ నోరు సూడండి" అన్నాడు ఓబులేసు. "మన సారుకు ఇట్లాంటిదుంటే మనల్ని నిలువునా మింగేసుండు." మళ్ళీ నాతో పరాచికాలాడుతున్నాడని నాకు లోలోపల సంతోషమేసింది.

నాంచారమ్మ వాకిట్లో వల బాగుచేసుకుంటోంది. నలభై ఏళ్ళుంటాయి. మాష్టారి పేరు వినగానే వల కింద పడేసి లేచింది. "మేష్టారు పంపించారాండీ? ఎండనపడి వచ్చారు, ముందు మజ్జిగ తాగండి. బాగున్నారాండీ ఆయన?"

విషయం చెప్పగానే మమ్మల్ని ఊరి చివరికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక చేపల చెరువు ఉండేదట, నాంచారమ్మ వాళ్ళదే. సరస్సులో చెరువులు తీసేయాలని సర్కారు మిషన్లు వచ్చి గట్లు కొట్టింది అంతకు ముందు ఏడు. ఆ గట్టు ఇప్పుడు మట్టి గుట్టలుగా పడి ఉంది. దాని మీద బొక్కెనాకు. పగిలిన ప్రతి పెళ్ళనూ కప్పేసి, చీలికల్లోకి దిగి, అవతల ఎండు బురద మీదికి పాకుతోంది.

"ఏడ్చామండీ" అంది నాంచారమ్మ. "నెల్లాళ్ళు ఇటు వైపు చూడలేదు నేను. తర్వాత వచ్చి చూద్దును కదా, మొత్తం పచ్చగా అల్లేసింది. ఉప్పు పట్టిన మన్నండి ఇది, గరిక కూడా బతకదు. నీళ్ళు పోసినోళ్ళు లేరు, మందేసినోళ్ళు లేరు."

అక్కడే కూర్చుని ఆకు మీద అరచెయ్యి వేసింది. "మా బడి పాక వానాకాలం కారేదండి. లోపలంతా బురద. వాన వెలవగానే టీచరమ్మ గారు మమ్మల్నందర్నీ గట్టు మీదికి తెచ్చి ఈ ఆకు మీద కూర్చోబెట్టేవారు. గుచ్చుకోదు, పరికిణీకి మన్నంటదు. నాకు ఎక్కాలన్నీ ఇక్కడే వచ్చాయండి."

మాష్టారు తన భార్య సమాధి మీద ముందు ఈ ఆకునే ఎందుకు నాటారో నాకప్పుడు అర్థమైంది. ఆయన ఆ మాట మాకు చెప్పలేదు.

ఓబులేసు చెప్పులు విప్పి దాని మీద అటూ ఇటూ నడిచాడు. మడమతో తొక్కాడు. ఒక తీగ పట్టుకుని లాగాడు. తెగింది కానీ వేరు రాలేదు. ఇరవై ఏళ్ళ మాలి తీర్పు కోసం నేను ఎదురుచూశాను.

"పీకినా రాదు మేడం ఇది" అన్నాడు. "మీ మాదిరి మొండిది."

మధ్యాహ్నం కొరమేను పులుసు, మామిడికాయ ముక్కలు వేసి. అంత రుచి నేను మళ్ళీ తింటానో లేదో. మేం తింటుండగానే నాంచారమ్మా, ఆమె భర్తా కొడవళ్ళతో వెళ్ళి తీగలు కోసుకొచ్చారు. ఆమె భర్త కైకలూరులో చేపలు ప్యాకింగ్ చేసే షెడ్డులో పనిచేస్తాడు. మూడు థర్మోకోల్ పెట్టెల్లో సర్ది, టేపు చుట్టి, బస్సు దగ్గరికి తెచ్చి ఎక్కించాడు. డబ్బు ముట్టలేదు. "కలకత్తా దాకా పంపుతామండి మేము, ఏమీ అవదు. మీదెంత దూరం!" అన్నాడు. కలకత్తాకు ఏం పంపుతాడో ఆ క్షణాన నాకు వెలగలేదు. గూడబాతుల్ని చూస్తూ తల ఊపాను.

కారిన పెట్టెలు

బస్సు సగం దూరం వచ్చాక ముందు సీటు ఆయన పంచె పైకెత్తి కిందికి చూశాడు. "ఏవండీ, మీ చేపలు కారుతున్నాయండీ."

"చేపలు కాదండీ, ఆకులు" అన్నాను.

ఆయన పెట్టె వైపు చూశాడు, వాసన చూశాడు, నా ముఖం చూశాడు. "అలాగేనండి" అన్నాడు మర్యాదగా. ఒక్క అక్షరం నమ్మలేదు.

 వట్లూరు చేరగానే అరుగు మీదే టేపు చింపాం. ఒక పొర ఐసు, ఒక పొర ఆకు, మళ్ళీ ఒక పొర ఐసు. చేపల్ని సర్దినంత శ్రద్ధగా సర్దాడు మహానుభావుడు. తీగలన్నీ ఉడికించిన తోటకూరలా నల్లగా, మెత్తగా అయిపోయి ఉన్నాయి. ఎండనీ, ఉప్పునీ, మిషన్లనీ తట్టుకున్న మొక్క మంచుకు చచ్చిపోయింది. అతన్ని అనడానికేముంది? తను ఎరిగిన మంచి పద్ధతే చేశాడు. ఏం వేస్తున్నావని అడగాల్సింది నేను, వృక్షశాస్త్రం చదివినదాన్ని.

మర్నాడు మధ్యాహ్నానికి రైలు. మళ్ళీ కొల్లేరు వెళ్ళి వచ్చే వ్యవధి లేదు. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, అరుగు మీద కూర్చుని. ఓబులేసు మూడు పెట్టెలూ బోర్లించి, ఒక్కో తీగా వేళ్ళతో తడిమి చూశాడు. చివరికి గుప్పెడు తేలాయి. తన తలగుడ్డ తడిపి వాటిని చుట్టాడు.

"నేను పనిలోంచి పోతానని భయపడి, ఇన్నాళ్ళు మీ మీద కోపంగుంటి" అన్నాడు. "గడ్డి లేకుంటే మాలి ఎందుకు? ఈ ఆకును సూసినాక పోయింది ఆ భయం. దీన్ని గూడా సాకేవాడు ఒకడు కావల్ల కదా."

వెనక గోడ

జరిగింది సుశీల ఫోన్లో దానయ్య మాష్టారికి చెప్పింది. పొద్దున మేం మూటలు కట్టుకుంటుండగా ఆయనే వచ్చారు, గొడుగుతో. "రైలుకి టైముంది కదండీ. ఒకసారి నాతో రండి. రెండు గోనె సంచులు కూడా తెచ్చుకోండి."

తోట గేటు దగ్గర ఆగలేదాయన. ప్రహరీ వెంట చుట్టూ నడిపించి వెనక సందులోకి తీసుకెళ్ళారు. గోడ బయట మురుగు కాలువ, దాని పక్కన ఎవరికీ పట్టని రోడ్డు అంచు. గోడ పునాది కింద ఒక పగులు. ఆ పగుల్లోంచి బొక్కెనాకు బయటికి వచ్చి, రోడ్డు అంచు పొడుగునా, పది పన్నెండు బారల మేర, పరుచుకుని ఉంది.

"రాత్రంతా ఆలోచించానండి" అన్నారు. "తోటలోది నేనివ్వకూడదు. అది కట్టుబాటు. కానీ తనంతట తాను గోడ దాటి వచ్చేసినదాన్ని ఆపడానికి నేనెవర్ని?"

గోడకు అవతల, సరిగ్గా అక్కడే, ఆయన భార్య సమాధి.

"ఆవిడకి ఒకచోట కుదురుగా ఉండటం ఎప్పుడూ అలవాటు లేదండి. నాలుగు ఊళ్ళు బదిలీ మీద తిరిగారు. ప్రతి ఊళ్ళోనూ ఇక్కడి పిల్లలే మంచివాళ్ళనేవారు." గొడుగు మడిచి గోడకు ఆనించి, పంచె ఎగ్గట్టి, అందరికన్నా ముందు ఆయనే వంగారు. "వేళ్ళతో సహా తీయండి ఓబులేసు గారూ. తీగ ఒక్కటే తీస్తే లాభం లేదు."

ఓబులేసు గారు! మా మాలి కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూశాను. వేళ్ళతో, మట్టితో, చెయ్యి తిరిగిన పనివాడి నిదానంతో తీశాడు. తడి గోనె సంచుల్లో వదులుగా సర్దాడు. రైల్లో ఎవరైనా కాలు పెడతారేమోనని సంచుల పక్కన నేలమీదే కూర్చుని, అనంతపురం దాకా కాపలా కాశాడు.

మళ్ళీ అనంతపురం

జానెడుకు ఒక ముక్క చొప్పున నాటాం. హాస్టల్ స్నానాల గదుల నీళ్ళు అటు మళ్ళేలా ఓబులేసు సన్నటి కాలువ తీశాడు. సెలవులకు ఊరు వెళ్ళని నలుగురు పిల్లలు, "మేడం, ఈరోజు తలస్నానం చేసినాం, చాలా నీళ్ళు పోయినాయి" అని గొప్పగా చెప్పేవారు. మొదటి రెండు వారాలు ఎర్రమట్టిలో ఏదీ కదల్లేదు. నాకు అన్నం సహించేది కాదు. మూడో వారం ఒక్కో కణుపు వేరు దించింది. జూన్ చివర ఒక్క వాన పడింది. అంతే! తరువాత రోజూ పొద్దున లేచి చూస్తే నిన్నటి కంటే ఇంకో వేలెడు ముందుకు పాకి ఉండేది.

అడ్మిషన్ల రోజు తెల్లవారేసరికి ఎర్రమట్టి కనిపించడం మానేసింది. పూలు కూడా పూశాయి. కరస్పాండెంట్ గారు కారు దిగి, చేతులు వెనక కట్టుకుని చుట్టూ ఒకసారి నడిచారు.  అంతలో ఏదో పల్లె నుంచి వచ్చిన కుటుంబం, తల్లీ తండ్రీ కూతురూ, ట్రంకు పెట్టె దించి, నేరుగా వెళ్ళి ఆ పచ్చదనం నడుమ కూర్చున్నారు. సద్ది మూట విప్పారు. కరస్పాండెంట్ గారికి పాత అలవాటు కదా, అరవబోయారు.

"కూచోనీండి సార్" అన్నాడు ఓబులేసు. "ఇది కూచునేకే. టీచరమ్మ ఏమీ అనుకోదు."

"టీచరమ్మ ఎవరు?" అన్నారాయన అయోమయంగా. ఓబులేసు మొత్తం చెప్పాడు, గూడబాతు నోరు ఒక్కటి వదిలేసి. విన్నాక ఆయన తిరిగే గొట్టాన్ని ఊడదీసి స్టోర్‌లో పెట్టించమన్నారు. బోరు మొత్తం హాస్టల్ ట్యాంకుకి. ఆ సాయంత్రం నేను కావాలనే స్టాఫ్ రూము కిటికీ తెరిచి, అందరూ చూసేలా దాని ముందు నిలబడి టీ తాగాను. గొప్పలు పోయాననుకోండి, తప్పేముంది?

ఆగస్టులో దానయ్య మాష్టారికి ఫోటో పంపాను. పిల్లలు ఆకు మీద కూర్చుని చదువుకుంటున్న ఫోటో. వెనక ఓబులేసు ఇస్త్రీ చొక్కాలో, చాలా నిటారుగా. జవాబు కార్డు ముక్క మీద వచ్చింది, హెడ్మాస్టరు గుండ్రటి చేతిరాతలో.

"అమ్మా, ఫోటో చేరింది. మా ఆవిడకు చూపించి వచ్చాను. ఆవిడకు ఇది అయిదో ఊరు. కొత్త ఊరు వెళ్ళిన ప్రతిసారీ ముందు ఒక్కటే అడిగేవారు, బడికి రాలేక ఆగిపోయిన పిల్లలు ఎందరున్నారని. మీ ఊళ్ళో ఎందరో రాయండి."

ఆ రోజే రాసి పోస్టు చేశాను. మా హాస్టల్లో చోటు లేక ఈ ఏడు ఒక్కరు కూడా ఆగిపోలేదని.